ఓపీ పుస్తకంలో ఫ్లోరెన్స్

“ఎల్లుండి హైకోర్టులో నన్ను నిలబెట్టి, ఈ రాత ఎవరిదని అడిగితే నేనేం చెప్పాలండీ? అటునుంచి అటే జైలుకి తీసుకుపోతారా, ఒకసారి ఇంటికి పంపిస్తారా?”

ఇంకా పాలవాడు కూడా రాలేదు. ఫోను మోగలేదు, తలుపు తట్టలేదు, ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

మా ఆయన రాజారత్నం గారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. తల ఎత్తలేదు.

“నిన్నెవరూ నిలబెట్టరు. హైకోర్టులో నిలబడేది మనుషులు కాదు, కాగితాలు.”

“కాగితం నిలబడకపోతే?”

“పడిపోతుంది. దాంతోపాటు మన పిల్ల సీటూ పడిపోతుంది. కాఫీ పెట్టు.”

రేపల్లె మిషన్ స్కూల్లో ముప్ఫై రెండేళ్ళు గుమాస్తా చేసిన మనిషి. ఓదార్చడం రాదు. అర్జీకి జవాబు రాసినట్టే మాట్లాడతారు.

లోపలి గదిలో మా బ్లెస్సీ మేలుకునే ఉందని నాకు తెలుసు. బుధవారం నుంచి అది నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటోంది, కంచం కడిగి బోర్లిస్తోంది. ఆ కడగడంలో కూడా మాట లేదు. పిల్ల అరిస్తే భయం లేదు నాకు. అరవని పిల్ల ఏం చేసుకుంటుందో అని రాత్రిళ్ళు లేచి ఊపిరి వింటున్నాను.

బుధవారం సాయంత్రం తెనాలి నుంచి కాలేజీ తరఫు లాయరు తహసీన్ గారు పంపిన కాగితాలు అది ఫోన్లో ఒక్కొక్కటే జరుపుతూ చదివింది. ఒకచోట ఆగిపోయింది. ఆ పేజీలో ఉన్నది నా చేతిరాత. ఆస్పత్రి ఓపీ పుస్తకంలో నేను రాసిన పేర్లు. వాటిలో ఏడు పేర్ల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు.

పెనుమూడి రోడ్డులో ఉన్న మా హోమియో కాలేజీకి రెండేళ్ళ కిందట అనుమతి ఆగిపోయింది. కాలేజీ ఆస్పత్రికి వచ్చే రోగులు నిజం మనుషులు కారని ఢిల్లీ నుంచి వచ్చిన తనిఖీవాళ్ళు రాశారు. పుస్తకంలోంచి పది నంబర్లకి ఫోను చేస్తే ఏడు చోట్ల ‘ఆ పేరు గలవాళ్ళు ఎవరూ లేరు’ అన్నారట. కాలేజీవాళ్ళు కోర్టుకెక్కారు. తుది తీర్పు ఎలా వస్తే అలా కట్టుబడాలన్న షరతు మీద కోర్టు యాభైమంది పిల్లల్ని చేర్చుకోనిచ్చింది. ఆ యాభైలో మా బ్లెస్సీ ఒకతి. సోమవారం ఆఖరి వాదనలు. ఓడితే ఆ యాభైమందీ చదివిన ఏడాది చదవనట్టే.

ఏ పేర్లకి సున్నాలు చుట్టారో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు. కోర్టు గట్టిగా అడిగితే ఇప్పుడు బయటపెట్టారు. ఓపీ కౌంటరు దగ్గర కూర్చుని నాలుగేళ్ళుగా ఆ పుస్తకం రాసేది నేను. ఏడో తరగతి చదివినదాన్ని.

కాఫీ గ్లాసులు పెట్టేసరికి బ్లెస్సీ వచ్చి గుమ్మంలో నిలబడింది. నావైపు చూడలేదు.

“నాన్నా, అమ్మనడుగు. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే, నీ పేరేంటని అడగడానికి నోరు రాలేదా అని.”

“అడుగుతోంది,” అన్నారు ఆయన నాకేసి తిరిగి.

“వినపడిందండీ. తెలిసిన మనిషిని పేరేంటని ఎట్లా అడుగుతాం? ముఖం మీద ఉమ్మేసినట్టు ఉండదూ? ‘ఏం ప్రేమా, నన్నే మర్చిపోయావా’ అనరూ?”

“నాన్నా, ఆధార్ కార్డు చూసి రాయాలని కౌంటరు మీద బోర్డు పెట్టి ఉందని చెప్పు.”

“బోర్డు కొత్తవాళ్ళకి కదండీ!”

ఆయన నవ్వారు. నవ్వకూడని చోట నవ్వడం ఆయనకి అలవాటు. “ఓపీ పుస్తకం అనుకోలేదు మీ అమ్మ. స్త్రీల సమాజం హాజరు పుస్తకం అనుకుంది.”

అది నిజం. అదే నా తప్పు. పదిహేనేళ్ళు లూథరన్ చర్చి స్త్రీల సమాజంలో హాజరు పిలిచినదాన్ని నేను. మావాళ్ళలో చాలామందికి రెండు పేర్లు. బడిలో, రేషన్ కార్డులో, ఆధార్‌లో ఒకటి. బాప్తిస్మంలో ఒకటి. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యడానికి పెట్టుకున్నవి కావు. ఒకటి పంతులు గారు బడిలో రాసుకున్నది, ఇంకొకటి పాస్టరు గారు నీళ్ళు పోసి పిలిచింది. కౌంటరు ముందుకి లక్ష్మమ్మ వచ్చి నిలబడితే నా కంటికి లక్ష్మమ్మ కనపడదు. మా సమాజం ఫ్లోరెన్సక్క కనపడుతుంది. కలం అదే రాసింది.

తనిఖీవాళ్ళు ఫోను చేసి ‘ఫ్లోరెన్స్ గారున్నారా’ అన్నారు. ప్రభుత్వం వాళ్ళమని కూడా చెప్పారు. ఇంక ఏ ఇంట్లో ఉందంటారు? కులం సర్టిఫికెట్ మొదటి పేరు మీద ఉంటుంది. రెండో పేరు ప్రభుత్వం చెవిలో పడితే మతం మారారని సర్టిఫికెట్ పోతుంది, దాంతో వచ్చిన చదువూ ఉద్యోగమూ పోతాయి. ఆ భయం మా పేటల్లో నీళ్ళకుండ లాగా ఇంటింటా ఉంటుంది.

గురు, శుక్రవారాల్లో ఆరు గడపలు ఎక్కాను. ‘ఆ పుస్తకంలో ఉన్నది నేనే’ అని ఒక్క సంతకం. అంతే అడిగాను. ఆరుగురూ ఆరు రకాలుగా లేదన్నారు. ఒకావిడ మంచినీళ్ళు ఇచ్చి మరీ లేదంది.

మిగిలింది ఫ్లోరెన్సక్క ఒక్కతే. నిరుడు కొడుకు రమేష్ బాబుకి బాపట్ల బదిలీ అయితే పెనుమూడి ఇల్లు తాళం వేసి అక్కని తీసుకెళ్ళాడు. ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ వాడు.

“ఇవాళ రెండో శనివారం. వాడు ఇంట్లోనే ఉంటాడు. తెనాలిలో లాయరు గారిని కలిసి అటునుంచి బాపట్ల వెళ్దామండీ,” అన్నాను.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. ఈసారి నవ్వలేదు.

“వెళ్ళి ఏమని అడుగుతావు ప్రేమా? మా పిల్ల సీటు నిలబడాలి, నీ ఉద్యోగం ఏమైనా సరే, సంతకం పెట్టించమంటావా?”

“అట్లా ఎందుకంటానండీ!”

“ఎట్లా అన్నా దానర్థం అదే.”

కాఫీ మీద మీగడ కట్టింది. నాకు రెండు వైపులా కొంపలు మునిగినట్టే కనిపించింది. సీటు పోయి పిల్ల గదిలో తలుపేసుకుంటుంది. లేదంటే ఉద్యోగం పోయి రమేష్ బాబు పిల్లలు నా పేరు చెప్పుకుని ఏడుస్తారు. మూడో దారి ఉంటుందేమోనని చూస్తే అక్కడ పోలీసులు నిలబడి ఉన్నారు.

బ్లెస్సీ లోపలికి వెళ్ళింది. వెళ్ళిపోయిందనుకున్నాను. చున్నీ వేసుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చింది.

“నాన్నా, నేనూ వస్తున్నానని అమ్మకి చెప్పు.”

* * *

మా ఆయన ఇంటి దగ్గరే ఉండిపోయారు. రేపల్లె పాసింజరులో తెనాలి చేరేవరకూ కిటికీకి ఆ పక్క అది, ఈ పక్క నేను. భట్టిప్రోలులో పల్లీలు కొన్నాను. పొట్లం మధ్యలో పెట్టాను. వేమూరు దాటాక చూస్తే సగం పల్లీలు లేవు. అదే నాకు కొండంత ధైర్యం.

తహసీన్ గారి ఆఫీసు మేడమీద. ముప్ఫై అయిదేళ్ళు కూడా ఉండవు ఆవిడకి. గోడ పొడుగునా ఎర్ర అట్టల పుస్తకాలు. మా చర్చి బీరువాలో కూడా అన్ని పుస్తకాలు లేవు. ఇన్ని చదివిన బుర్ర ఇంత చిన్న తలలో ఎట్లా పట్టిందా అని చూస్తూ నిలబడిపోయాను.

“కూర్చోండి అమ్మా. ఎందుకు చేతులు కట్టుకున్నారు? నేను జడ్జిని కాదు.”

అక్కడే మా ఓపీ డాక్టరు అబ్దుల్ షుకూర్ గారు కూర్చుని ఉన్నారు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. ఒళ్ళో ఒక కవరు.

తహసీన్ గారు ఒక కట్ట విప్పారు. ఇటుకరాయంత లావుంది. దాని మధ్యలో తెరిచి నా ముందుకి తిప్పారు.

“ఇది మీ అక్షరమేనా?”

పేజీ నంబరు రెండు వందల పద్నాలుగు. పైన ప్రభుత్వం ముద్ర, కింద అధికారి సంతకం, మధ్యలో నా ‘ఫ్లోరెన్స్’. పక్కన ‘తలనొప్పి’. ‘త’కి తలకట్టు ఎప్పుడూ పెద్దదే నాది. సరుకుల చీటీలూ, చర్చిలో ప్రార్థన మనవులూ తప్ప లోకానికి ఏమీ రాయని చెయ్యి ఇది. దీన్ని ఢిల్లీలో చూశారు. హైకోర్టు జడ్జి గారు చూస్తారు. కట్ట దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాను. భయమో ఇంకేదో తెలియలేదు.

“నాదేనండీ. తప్పయిపోయిందండీ. నన్ను ఏమైనా చెయ్యండి, పిల్లల జోలికి పోవద్దని చెప్పండి వాళ్ళకి.”

“ఎవరూ మిమ్మల్ని ఏమీ చెయ్యరు. దొంగరాత రాసేవాళ్ళు కార్డులో ఉన్న పేరే రాస్తారమ్మా. పట్టుబడేటట్టు ఎవరైనా రాస్తారా? ఈ పేర్లు నిజం కాబట్టే కార్డుతో కలవలేదు. నేను జడ్జి గారి ముందు చెప్పబోయేది ఇదే.”

నేను నోరు తెరుచుకుని విన్నాను. నాలుగు రోజులుగా నా మెడకి ఉరితాడులా ఉన్న తప్పుని ఆవిడ రెండు వేళ్ళతో పట్టుకుని ఇటు తిప్పేసరికి అది సాక్ష్యంలా కనిపించింది. బ్లెస్సీ కూడా తలెత్తి చూసింది.

“కానీ మాట చాలదు,” అన్నారు తహసీన్ గారు. “ఏడుగురిలో ఒక్కరైనా ‘ఈ రెండు పేర్లూ నావే, నేనే వైద్యం చేయించుకున్నాను’ అని ప్రమాణపత్రం ఇవ్వాలి. ఒక్కరు చాలు.”

“ఆ అబ్బాయి ఉద్యోగానికి ఏమీ కాదా అండీ?”

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. అబద్ధం చెప్పే మనిషి అయితే వెంటనే చెప్పేది.

“పేరు ఒక్కదాని వల్లనే కులం పోదమ్మా. అది వాదించగలను. కానీ గిట్టనివాడెవడైనా ఈ కాగితం పట్టుకుని ఫిర్యాదు పెడితే, ఏళ్ళ తరబడి తిరగాల్సి రావచ్చు. రాదని నేను మాట ఇవ్వలేను. ఈ సంగతి వాళ్ళకి చెప్పే అడగండి. దాచి సంతకం తేవద్దు.”

“సరేనండీ.”

“ఇంకొకటి. రిపోర్టులో ‘ఫోను ఎత్తిన వ్యక్తి’ అని మాత్రమే రాశారు. ఎవరు ఎత్తారు?”

“కొడుకే ఎత్తుంటాడండీ. అక్కకి పచ్చబొత్తాం ఏదో ఎర్రబొత్తాం ఏదో కూడా తెలియదు.”

“కొడుకైతే పర్వాలేదు. కంగారులో అన్నాడని చెప్పుకోవచ్చు. ఆవిడే అని ఉంటే మాత్రం, అప్పుడు లేనని ఇప్పుడు ఉన్నానంటే ఏది నమ్మాలని అడుగుతారు.”

షుకూర్ గారు లేచి కవరు బ్లెస్సీ చేతికి ఇచ్చారు. అంచులు జిగురుతో అంటించి ఉన్నాయి.

“ఆవిడ కేస్ షీటు నకలు. కోర్టులో పెడితే మనకి చాలా బలం. కానీ అది ఆవిడ సొత్తమ్మా. ఆవిడ ఒప్పుకుంటే తీసుకురా. ఒప్పుకోకపోతే అక్కడే ఇచ్చేసి, దణ్ణం పెట్టి వచ్చెయ్యి.”

“కాలేజీ పోతుంది కదండీ సార్?” అంది బ్లెస్సీ.

“పోతే పోతుంది. రోగి చెప్పింది అమ్ముకుని నిలబెట్టుకునే కాలేజీలో నువ్వేం నేర్చుకుంటావు?”

నలభై ఏళ్ళు ఆయన కట్టుకున్నదంతా ఆ కాలేజీయే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పెరగలేదు, తగ్గలేదు. సాయిబు గారి కాళ్ళకి మొక్కాలనిపించింది నాకు.

బాపట్ల బండిలో కూర్చున్నాక నిడుబ్రోలు దాకా ఆగాను. ఆపైన నా వల్ల కాలేదు. కవరు అందుకుని అంచు కొద్దిగా గోకాను. లోపల ఏముందో తెలిస్తే ఏ గండం ఎటునుంచి వస్తుందో ముందే చూసుకోవచ్చు కదా.

“అమ్మా. అది మనది కాదు.”

కవరు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను కన్న పిల్ల ఎప్పుడు డాక్టరయిందో నాకు తెలియనేలేదు. అప్పికట్ల స్టేషన్ వెళ్ళిపోతుంటే కిటికీలోకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

* * *

బాపట్లలో రమేష్ బాబు అద్దెకుంటున్న వాటా సూర్యలంక రోడ్డు పక్క సందులో. తలుపు వాడే తీశాడు. నన్ను చూసి మొహంలో వెలుగు వచ్చింది. నా వెనకాల బ్లెస్సీ చేతిలో కవరు చూసేసరికి ఆరిపోయింది.

“రా పిన్నీ. భోంచేసి వెళ్ళండి. ఆ పని మీదైతే మాత్రం భోంచేసి వెళ్ళండి అంతే.”

“ఇంకా ఏమీ అడగలేదు కదరా!”

“పెనుమూడిలో ఆరు గుమ్మాలు తొక్కావంటగా? ఆరు ఫోన్లు వచ్చాయి నాకు.”

ఫ్లోరెన్సక్క లోపల చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సన్నబడింది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. మా అక్క ఎప్పుడూ అంతే. పదిమందిలో పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

తహసీన్ గారు చెప్పినట్టే చెప్పాను. ఫిర్యాదు రావచ్చన్నది కూడా చెప్పాను. చెబుతుంటే నా నాలుక నన్నే తిట్టింది.

“చూశావా? వాళ్ళ లాయరే మాట ఇవ్వలేనంది. నా ఉద్యోగం తీయించడానికి రైలు టికెట్లు పెట్టుకుని వచ్చావా పిన్నీ? ఆఫీసులో ఒకడున్నాడు, నా సీటు మీద కన్నేసి. వాడికి ఈ కాగితం దొరికితే పండగ.”

“యాభైమంది పిల్లలురా...”

“నాకు ఇద్దరున్నారు. వాళ్ళు యాభైలో లేరు.”

మా ఆయన పొద్దున అన్న మాట గుర్తొచ్చి తల దించుకున్నాను. అక్క గింజ తీసి పళ్ళెంలో వేసింది. టంగుమంది.

బ్లెస్సీ లేచింది. కవరు తీసుకెళ్ళి అక్క ముందు చాప మీద పెట్టింది.

“పెద్దమ్మా, ఇది నీ కేస్ షీటు. షుకూర్ సార్ ఇచ్చి రమ్మన్నారు. అన్నయ్య చెప్పింది న్యాయమే. నాకు సంతకం వద్దు. మేం వెళ్తాం.”

“బ్లెస్సీ!” అన్నాను. సీటుకి నీళ్ళు వదిలేసిందేంటి ఈ పిల్ల!

అక్క కవరు చేతిలోకి తీసుకుంది. ముందూ వెనకా తిప్పి చూసింది.

“ఇంత లావుందేంటమ్మా?”

“పదకొండు పేజీలు పెద్దమ్మా.”

“అన్ని మాటలు చెప్పానా నేను?” అక్క మొహంలో ఆశ్చర్యం. “చదువు. నాకు గుర్తు లేదు.”

“అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?” అన్నాడు రమేష్ బాబు.

“నాదంట కదరా. విననీ.”

బ్లెస్సీ వాడికేసి చూసి, అక్కకేసి చూసి, కింద కూర్చుని కవరు చించింది. షుకూర్ గారి దగ్గర ఒక పద్ధతుంది. రోగి ఎట్లా చెబితే అట్లాగే, ఆ మాటల్లోనే రాసుకుంటారు. గంట పట్టినా అడ్డు రారు. ఒక్కొక్క రోగి గదిలో అంతసేపు ఏం చెబుతున్నారా అని కౌంటరు దగ్గర కూర్చుని నేను విసుక్కునేదాన్ని.

“తలనొప్పి ఆరేళ్ళ నుంచి. పొద్దున పది గంటలకి ఎండతోపాటు మొదలై ఎండతోపాటు దిగుతుంది. కూరలో ఉప్పు మళ్ళీ వేసుకుంటుంది. నలుగురిలో ఏడవదు. ఓదారిస్తే కోపం.”

“అదొకటి నిజం,” అంది అక్క. నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు.

“కలలు. ఇంట్లో దొంగలు పడ్డట్టు. లేచి బీరువా చూసుకుంటుంది. బంగారం ఉందా అని అడిగాను, లేదంది. మరి ఏం పోతుందని భయం అని అడిగాను. పావుగంట మాట్లాడలేదు. తర్వాత, ‘మా వాడి సర్టిఫికెట్లు’ అంది.”

బ్లెస్సీ ఆగింది. రమేష్ బాబు గోడకి ఆనుకుని నిలబడ్డవాడు మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

“చదవమ్మా,” అంది అక్క.

“ఈ కల ఎప్పటి నుంచి? ‘వాడికి ఉద్యోగం వచ్చిన నెల నుంచి. ఆ నెలే చర్చి మానేశాను. వాడు మానమనలేదు, నేనే మానేశాను. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎదురొస్తే పక్క సందులోంచి పోయేదాన్ని.’”

నేనూ ఆ సందుల్లో ఆమెని చూసినదాన్నే. పొగరెక్కిందేమో, కొడుకు ఆఫీసరయ్యాడని, అనుకున్నాను. సమాజంలో ఆ మాట పైకి కూడా అన్నాను. దేవుడు క్షమిస్తాడో లేదో.

“రెండోసారి వచ్చినప్పుడు చెప్పినది,” అని చదివింది బ్లెస్సీ. “‘కౌంటరు దగ్గర ప్రేమ కూర్చుని ఉంది. తప్పుకుందామనుకునేలోపే హాలు మొత్తం వినేటట్టు ఫ్లోరెన్సక్కా అని కేకేసింది. ముందు కాళ్ళు వణికాయి. తర్వాత, ఎన్నాళ్ళకో నన్ను నేను చూసుకున్నట్టయింది.’ ఆ రోజు తలనొప్పి రాలేదట. ఆ రోజు మేము మందు ఇవ్వలేదు.”

ఇంక కాగితం తిప్పలేదు అది.

ఏ పేరు రాశానని నాలుగు రోజులుగా నా చేతిని తిట్టుకుంటున్నానో, ఆ పేరుతో వేసిన కేక ఒక మనిషిని లేపి నిలబెట్టిందని ఆ కాగితంలో ఉంది. లోకంలో ఇంత పని నా చేతుల మీదుగా జరిగిందని నాకు ఎవరూ చెప్పలేదు. కీర్తన అయిపోయాక చర్చిలో ఒక్క నిమిషం ఎవరూ దగ్గనైనా దగ్గరు. అట్లా ఉంది ఆ గది.

రమేష్ బాబు రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

“నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?”

“నువ్వడగలేదుగా నాన్నా,” అంది అక్క. నిష్ఠూరం లేదు అందులో. డాక్టరు అడిగాడు, చెప్పాను, అన్నట్టుంది.

వాడు చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. చివరికి బ్లెస్సీతో, “ఆ ప్రమాణపత్రం ఏదీ? ఒకసారి చూపించు,” అన్నాడు.

సంచిలోంచి లాయరు గారిచ్చిన కాగితం తీసి ఇచ్చాను. వాడు ఒక్కొక్క లైనే చదువుతున్నాడు. ఇంత దాకా వచ్చాక ఇంకేం అడ్డం పడుతుందోనని వెతికింది నా పాపిష్టి బుర్ర. వెతికితే దొరకకుండా ఉంటుందా? తహసీన్ గారి మాట అడ్డం పడింది.

“ఒక్కటి చెప్పు నాన్నా. లాయరు గారు కనుక్కోమన్నారు. ఆ రోజు ఢిల్లీ వాళ్ళకి ఫోన్లో లేదని ఎందుకన్నావు? కంగారులో అన్నావు కదూ? కంగారులో అన్నానని నువ్వొక ముక్క రాసిస్తే చాలంట.”

వాడి కళ్ళు కాగితం మీద ఆగిపోయాయి. నోరు తెరిచాడు. వాళ్ళమ్మకేసి చూశాడు. మళ్ళీ మూసేశాడు.

“రమేషూ?”

వాడు కాగితం ఒక మడత పెట్టాడు.

“నిన్నేం అనటం లేదురా. ఎవరైనా అట్లాగే అంటారు.”

కాగితం మడత మీద మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు. బ్లెస్సీ నా చెయ్యి పట్టుకుంది, ఇంక అడగొద్దన్నట్టు. అక్క చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. సందులో ఉల్లిపాయల బండివాడు అరుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళిపోయాడు. పక్క వాటాలో కుక్కరు మూడుసార్లు కూసింది.

అక్క చెయ్యి కొంగుకి తుడుచుకుంది. కొడుకు చేతిలోని కాగితం తీసుకుని, మడతలు విప్పి, మోకాలి మీద చదును చేసింది.

“వాణ్ణి అడక్కు ప్రేమా,” అంది. “ఆ రోజు ఫోనెత్తింది నేను.”